కామెంటరీ బల్ల దగ్గర ఎడమ కార్నర్

కరోనా తగ్గి స్టేడియాల తాళాలు మళ్ళీ తీసిన ఏడాది, ఫిబ్రవరిలో, తిరుపతిలో జరిగిన రాష్ట్రస్థాయి కబడ్డీ పోటీలకు నన్ను కామెంటేటర్‌గా వేశారు. వేశారంటే పూర్తిగా వెయ్యలేదు. సెమీఫైనల్ ఒక్కటి చెప్పించి చూస్తామనీ, నచ్చితే ఫైనల్‌తో మొదలుపెట్టి సీజన్ అంతా ఇస్తామనీ టీవీ చానల్ వాళ్ళ మాట.

అప్పటికి నేను ఆట నుంచి రిటైరై ఏడాది దాటింది. తోటి ఉద్యోగులు ప్రమోషన్ల కోసం ఎదురుచూసే వయసులో కబడ్డీ ఆటగాడికి వీడ్కోలు దండ పడిపోతుంది. నా మోకాలు దెబ్బతిన్నప్పుడు వేయించుకున్న పుత్తూరు కట్టు ఎంత లావుగా ఉండిందంటే, నన్ను ఎక్కించుకున్న ఆటో చిత్తూరు దాకా ఒక పక్కకు ఒరిగే వచ్చింది. కట్టు విప్పాక ఆ కాలు నడకకు పనికొచ్చింది గానీ ఆటకు పనికిరాలేదు. స్పోర్ట్స్ కోటాలో వచ్చిన ఆఫీసు సీటు ఉండనే ఉంది. అందులో కూర్చుంటే ఫ్యాను తిరగడం తప్ప వేరే ఆట కనిపించదు. మళ్ళీ కోర్టు పక్కన కూర్చోవాలంటే నాకు మిగిలిన దారి ఆ మైకు ఒక్కటే.

నేను ఆడింది ఎడమ కార్నర్. తెలియనివారి కోసం చెబుతాను. ఏడుగురి వరసలో చివర నిలబడే ఈ మనిషి పక్కవాడి చెయ్యి పట్టుకుని ఉంటాడు. ఎదుటి జట్టు రైడర్ కూత పెట్టి లోపలికి వచ్చాక ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు మీద పడాలో ఇతనే చెప్పాలి. కానీ నోరు విప్పకూడదు, రైడర్‌కూ చెవులుంటాయి కదా. అందుకని చేత్తో చెబుతాం. మెల్లగా నొక్కితే ఆగమని. గట్టిగా నొక్కి పట్టుకుంటే, వాడు లోపలి గీత దాటి అదనపు పాయింటు కొట్టడానికి, అంటే బోనస్‌కు పోతున్నాడని. ఒక్క లాగు లాగితే దూకమని. నా యౌవనంలో ముఖ్యమైన సంభాషణలన్నీ ఇలా అరచేతుల్లోనే జరిగాయి. పాణిగ్రహణం వేళ కూడా అలవాటు కొద్దీ ఒక్క లాగు లాగాను. పెళ్ళికూతురికి కబడ్డీ రాదు కాబట్టి పురోహితుడి ఒళ్ళో పడింది.

కామెంటరీలో ఇద్దరుంటారు. జరుగుతున్నది ఒకరు చెబుతారు, ఎందుకు జరిగిందో మాజీ ఆటగాడు చెబుతాడు. మొదటి పని చేసే రంగాచారిగారు తిరుపతిలో కోవెల కైంకర్యం చేసే ఇంటివారు, రిటైరైన తెలుగు మాస్టారు. చిన్నప్పటి నుంచి పాశురాలు చదివిన గొంతు. ఆయన నమస్కారం అంటే అవతలి గ్యాలరీలో వాళ్ళు లేచి ప్రతినమస్కారం చేసేవారు. చానల్ తరఫున ప్రొడ్యూసర్ సుభాషిణి, పలమనేరు అమ్మాయి, బయట నిలిపిన వ్యానులో తెరల ముందు కూర్చుని మా చెవుల్లో పెట్టిన ఇయర్‌ఫోనులో మాట్లాడేది. మా బల్ల కోర్టుకు ఆనుకునే వేశారు.

ఆట మొదలైంది. మొదటి రైడర్ కూత పెట్టి గీత దాటాడు. నా నోరు బీరువా తలుపులా మూసుకుపోయింది. నా కుడిచెయ్యి మాత్రం తనంతట తానే వెళ్ళి రంగాచారిగారి ఎడమచెయ్యి పట్టుకుంది. నాకు కళ్ళు తిరుగుతున్నాయేమో అనుకుని ఆయన మంచినీళ్ళ సీసా నా వైపు జరిపారు. రైడర్ వెనక్కి వెళ్ళాక గానీ నాకు మాట రాలేదు, వచ్చేసరికి ఇంకో రైడర్ వచ్చాడు.

కాసేపటికి ఆయన నా నొక్కుళ్ళ భాష పట్టేశారు. గట్టిగా నొక్కగానే ఇదిగో బోనస్‌కు వెళుతున్నాడని, లాగగానే ఇక దొరికాడని ముందే చెప్పడం మొదలుపెట్టారు. చెప్పిందల్లా జరిగింది. ఫస్టాఫ్ అయ్యేసరికి రాయలసీమ అంతా ఆయన చేత జాతకాలు చూపించుకోవడానికి సిద్ధంగా ఉండి ఉంటుంది.

విరామంలో సుభాషిణి నా చెవిలోకి వచ్చింది.

“అన్నా, యాడికి పొయినాది నీ నోరు? ఆ అయివోరు జోస్యం సెప్తా ఉండాడు, నువ్వు పేరంటానికి వచ్చినట్టు కూసోని ఉండావు. సెకండాఫ్‌లోనూ ఇట్లనే ఉంటే రేపు ఫైనల్‌కి ఇంకొకర్ని పిలిపిస్తా. ఏమనుకోవద్దు.”

అనుకోవడానికి ఏముంది, ఆమె మాట న్యాయమే. సెకండాఫ్‌లో ప్రయత్నించాను. రెండుసార్లు దగ్గు వచ్చింది, ఒకసారి ‘ఊ’ వచ్చింది.

చివరి నిమిషంలో స్కోరు సమానంగా ఉండగా ఒక జట్టుకు డూ ఆర్ డై రైడ్ పడింది. వరసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోదానికి పాయింటు తేవాల్సిందే, లేకపోతే రైడర్ అవుట్. నా చెయ్యి మళ్ళీ బయలుదేరింది. అక్కడ చెయ్యి లేదు. రంగాచారిగారు తన ఎడమచేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నారు. కుడిచేత్తో కాఫ్ స్విచ్, అంటే దగ్గొస్తే మైకు ఆపుకునే మీట, నొక్కి నా వైపు తిరిగారు.

“వాచిపోయింది నాయనా. ఉంగరం కోయించాల్సిందే. ఇంక నోటితో నొక్కు.”

అని మీట వదిలేసి, తర్వాత ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇళ్ళల్లో టీవీలన్నీ మూగబోయాయి. రైడర్ కూత పెట్టి లోపలికి వచ్చాడు. నేను బల్ల అంచు పట్టుకున్నాను.

“ఆగు... వానికి తొందర, మనకు లేదు. ఇంకా ఆగు. బోనస్‌కు పోతాండాడు, మడమ సూడు, మడమ లేచినాది... పట్టు!”

ఎడమ కార్నర్ మడమ అందుకున్నాడు. మిగతావాళ్ళు మీద పడ్డారు. ఆ పాయింటుతో ఆట అయిపోయింది.

అసలు తగువు అప్పుడు మొదలైంది. ఓడిన జట్టు కోచ్ నేరుగా రెఫరీ దగ్గరికి వెళ్ళి, అవతలి వైపు ఏడుగురు కాదు, బల్ల వెనక నుంచి అరిచి చెబుతూ ఎనిమిదోవాడు కూడా ఆడాడని ఫిర్యాదు చేశాడు. కామెంటేటర్ మీద అలాంటి ఫిర్యాదు ఈ భూమండలంలో అదే మొదటిదని నా నమ్మకం. ఉద్యోగం దొరక్కముందే ఊడేట్టు కనిపించింది. రెఫరీ ఆ కార్నర్ కుర్రాణ్ణి పిలిచి, నన్ను చూపించి, ఆయన మాట విని పట్టావా అని అడిగాడు. అతను నన్ను ఎగాదిగా చూశాడు.

“ఆయనెవురో నాకు తెల్దు సార్. ఎవురు సెప్పినా సెప్పకపొయినా, మడమ లేస్తే పట్టాల్సిందే కదా.”

ఫలితం మారలేదు. నా గర్వం మాత్రం సగానికి సగం తగ్గింది. సుభాషిణి ఆ సాయంత్రమే కబురు చెప్పింది. ఫైనల్‌తో పాటు సీజన్ కూడా నాదే. అయితే బల్ల కోర్టు పక్కన ఉండదు, పై గ్యాలరీలో అద్దాల వెనక వేస్తారు.

ఆ సెమీఫైనల్‌లో నేను నేర్చుకున్నది ఇది. ఆడేవాళ్ళకు కామెంటేటర్ అవసరం లేదు, ఎటు చూడాలో వాళ్ళకు తెలుసు. ఇంట్లో కూర్చుని రైడర్ చేతుల వైపు చూసేవాళ్ళకు, మడమ చూడమని సమయానికి చెప్పడమే కామెంటేటర్ పని. ఆ తర్వాత అద్దాల వెనక కూర్చున్న ప్రతిసారీ వాళ్ళతోనే మాట్లాడాను.