వీపు మీద గుండీలు

ఎనభైల్లో ఒక జనవరి పొద్దున మోటారు సైకిలు మీద నంద్యాల వెళ్తూ, వణుకు ఆపుకోలేక ఆళ్లగడ్డలో ఒక టీ బంకు దగ్గర ఆగాను. కొత్త ఉన్ని కోటు వేసుకున్నా ఛాతీ గడ్డకట్టిపోయింది.

అంతలో మోపెడ్ మీద ఒక పంతులమ్మ వచ్చింది. మగవాళ్ల కోటును వెనక్కి తిప్పి తొడుక్కుంది; గుండీలన్నీ వీపు మీదున్నాయి. బంకు దగ్గరివాళ్లు పకపకా నవ్వారు.

"నవ్వండప్పా! బండి తోలేది నేను, మీరు కాదు. ఈ గుండీలు దినామూ మా ఆయనే పెట్టి పంపుతాడు," అని కసిరి, నా వైపు తిరిగింది. "గాలి గుండీల సందునే దూరుతాందన్నా. తిప్పి తొడుక్కో."

తొడుక్కున్నాను. అందరికంటే గట్టిగా నవ్వినాయన చేతే ఆమె నా గుండీలు పెట్టించింది.

నంద్యాల దాకా జనం నన్ను చూసి నవ్వుతూనే ఉన్నారు. నవ్వనీ. నేను మళ్లీ వణకలేదు.