అన్న నేల మీద గీసిన కక్ష్య

మొన్న సాయంత్రం టీవీలో, చంద్రుని వైపు బయలుదేరిన మన నౌక కక్ష్య ఎత్తును మరోసారి పెంచారని చెబుతుంటే, పక్కన కూర్చున్న మనుమరాలు అంత పైన ఉన్నదాన్ని ఇంకా పైకి ఎట్లా ఎత్తుతారని అడిగింది. జవాబు నాకు తెలుసు. అయినా వంటింట్లో పని ఉందని లేచి వచ్చేశాను.

అరవై తొమ్మిదిలో నాకు పదహారేళ్ళు. సిరిసిల్లలో మాది నేత కుటుంబం. నాయన ఒక కార్ఖానాలో సాంచెలు నడిపేవాడు, రోజంతా ఆ మగ్గాల మోతలో ఉండి ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడేవాడు. మా వాడకట్టులో సైన్సు డిగ్రీ చదవడానికి జగిత్యాల వెళ్ళిన మొదటివాడు మా అన్న. ఆ ఏడు ప్రత్యేక తెలంగాణ రాష్ట్రం కోసం ఊరూరా ఉద్యమం లేచి కాలేజీలు మూతబడటంతో ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకొని ఇంటికి వచ్చాడు. చదువు ఆగిపోయిందని అమ్మ దిగులుపడేది కానీ, అన్న ఇంట్లో ఉన్న ఆ కొన్ని వారాలంత నిండుగా మా ఇల్లు మళ్ళీ ఎప్పుడూ లేదు.

అప్పట్లో రేడియో నిండా చంద్రుని మీదికి పోయే మనుషుల కబుర్లే. ఒకనాడు అన్నం తిన్నాక నాయన ఆ నౌక ఎట్లా పైకి పోతుందని అడిగితే, అన్న సుద్దముక్క తీసుకొని నేల మీద భూమి గీసి, దాని చుట్టూ గుండ్రంగా ఒక గీత గీసి, నౌక తిరిగే దారి ఇదేనన్నాడు. అది పోతున్న దిక్కుకే దాన్ని ఇంకాస్త తోయాలన్నాడు. నాయన ఒప్పుకోలేదు.

“ముందటికి నూకితే మీదికెట్ల పోతదిరా? మీదికి పోవాల్నంటే మీదికే నూకాలె గద?”

“అదే తమాష నాయినా. అది ఒక్కకాడ నిలబడ్డది గాదు, తిరుగుతనే ఉంటది. ఈడ జర జోరు పెంచితే, గా ఎదురుంగున్న కొస మీదికి లేస్తది,” అంటూ అన్న గుండ్రటి గీత పక్కనే కోడిగుడ్డులా సాగిన ఇంకో గీత గీశాడు. “గా కొసకు పోయినంక ఇంకోపారి నూకాలె. అప్పుడు చుట్టంత మీదనే తిరుగుతది.”

“రెండోపారి నూకకపోతే?”

“నూకకపోతే మల్ల ఈడికే దిగొస్తది.”

దిగాలంటే ఇదే పనిని తిరగేసి చేస్తారని, ఎదురు దిక్కుకు తోసి జోరు తగ్గిస్తారని, చంద్రుని దగ్గరికి చేరాక అట్లాగే కిందికి వస్తారని చెప్పాడు. నాయన చాలాసేపు ఆ గీతల్నే చూసి, చిన్నపిల్లవాడిలా నవ్వాడు. ఎమ్మెస్సీ చదివి ఇట్లాంటి లెక్కలే చేస్తానని అన్న అంటే ఇంట్లో ఎవరమూ అది అతి అనుకోలేదు.

ఎండలు ముదిరాక జగిత్యాలలో ఊరేగింపు ఉందని కబురొచ్చింది. అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

“పోకు కొడుకా. పరీచ్చలే లేకపాయె, గాడ నీకేం పని?”

“సదువుకున్నోళ్ళకు కొలువులు రావాల్నంటే మన రాష్ట్రం మనకు గావాలె అవ్వా. నేను ఇంట్ల కూసుంటె ఎట్ల?”

వెళ్ళాడు. ఊరేగింపు చెదిరిపోయిన తొక్కిసలాటలో తలకు దెబ్బ తగిలింది. లాఠీయో, రాయో, కిందపడితే తగిలిందో తోటివాళ్ళు కూడా చెప్పలేకపోయారు. కరీంనగర్ ఆసుపత్రి నుంచి తల గొరిగి, కట్టుతో తీసుకొచ్చినప్పుడు మమ్మల్నందరినీ గుర్తుపట్టాడు. బతికి వచ్చాడు కదా అని అమ్మ ఏడుస్తూనే దిష్టి తీసింది. కానీ చెప్పిన మాట చెప్పిన గడియలోనే మరిచిపోయేవాడు. పుస్తకం చేతికిస్తే తలకిందులుగా పట్టుకునేవాడు.

చంద్రుని మీద మనిషి నడిచాడని తెలిసిన నాడు వాడకట్టు మొత్తం కార్ఖానా రేడియో చుట్టూ చేరింది. అన్నను కూడా తీసుకెళ్ళి కూర్చోబెట్టాం. “గీ మందంత ఎందుకొచ్చిన్రు?” అని నన్నడిగాడు. ఇంటికి వచ్చాక నాయన సుద్దముక్క వెతికి తెచ్చి, భూమిని గీసి, దాని చుట్టూ గుడ్డులాంటి గీత గీసి, అన్నను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

“సూడు కొడుకా, ఈడ నూకితే గా కొస లేస్తది. నువ్వే జెప్పినవు గద. ఆడికి పోయినంక ఏం జెయ్యాలె? జెప్పు.”

అన్న ఆ గీతల్ని చూశాడు. మా నాయన ముఖంలోకి చూశాడు. “ఆకలైతున్నది నాయినా,” అన్నాడు.

నాయన తడిగుడ్డతో నేల తుడిచాడు. ఆ తర్వాత ఆయన గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

అమ్మానాయనలు పోయాక అన్నను కోరుట్లకు, నా అత్తగారింటికి తెచ్చుకున్నాను. మా ఆయన మంచివాడు కనుక ఒక్కనాడూ విసుక్కోలేదు. నేను బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి వచ్చేసరికి అన్న అరుగు మీద కూర్చుని ఉండేవాడు. దెబ్బ తగిలిన నాటి నుంచి నలభై ఏళ్ళకు పైగా గడిచాయి. జుట్టు తెల్లబడింది, నవ్వు మాత్రం ఎదగలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు వీధిలో డప్పులు, టపాకాయలు. కుర్రవాళ్ళు పరుగున వచ్చి, “తాతా, తెలంగాణ అచ్చింది!” అంటూ అన్న ముఖానికి గులాబీరంగు పూశారు. వాళ్ళకేం తెలుసు, ఆనందంతో పూశారు. అన్న బెదిరిపోయి, రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకొని నా వెనక దాక్కున్నాడు. నల్లా దగ్గర కూర్చోబెట్టి ముఖం కడుగుతుంటే, “ఎవలు గొట్టిన్రు నన్ను?” అని అడిగాడు. ఎవరూ కొట్టలేదన్నాను. అన్న ఆ మరుసటి చలికాలం దాటలేదు.

ఇప్పుడు సిరిసిల్ల జిల్లా కేంద్రమైంది, జగిత్యాల కూడా అయింది. ఆడపిల్లలు స్కూటీల మీద కాలేజీలకు పోతుంటే చూసి నిజంగానే సంతోషిస్తాను. ఆనాడు ప్రాణాలు పోయిన వాళ్ళకు స్తూపాలు కట్టారు, కట్టవలసిందే. బతికి ఇంటికి వచ్చిన మా అన్నలాంటి వాళ్ళను ఏమని పిలవాలో మాత్రం ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.