న్యూట్రల్‌లో పోయిన పెట్రోలు

2000వ సంవత్సరం. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో టూవూంబా అనే ఊళ్ళో అద్దె షెడ్డులో మెకానిక్ పని చేసుకుంటున్న రోజులు. మా ఆవిడ అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఆమె ఉద్యోగం వెంట నేను వచ్చాను, నా వెంట విజయవాడ ఆటోనగర్‌లో నేర్చుకున్న పని వచ్చింది. టూవూంబా కొండ మీది ఊరు. బ్రిస్బేన్ వైపు పోవాలంటే ఎంతటివాడైనా ఊరి అంచున ఉన్న కొండదారి దిగాల్సిందే. దాన్ని అందరూ రేంజ్ అంటారు. మన లెక్కలో ఘాట్ రోడ్డు. నా షెడ్డుకి వచ్చే బళ్ళలో సగం ఆ రేంజ్ పుణ్యమా అని వచ్చేవే కాబట్టి దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

అప్పట్లో మనవాళ్ళు నలుగురు చేరితే వైటూకే మాటే. తారీఖు మారగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకం భయపడింది. ఆ భయం పెట్టిన భిక్షతో మన కుర్రాళ్ళు ఎందరో విమానాలెక్కారు. నంద్యాల నుంచి వచ్చిన రఫీ కూడా అలాంటివాడే. తీరా జనవరి ఒకటో తారీఖున ఎక్కడా ఏదీ ఆగలేదు. "మేం పని బాగా చేశాం అంకుల్, అందుకే ఏం కాలేదు. ఏం కాలేదు కాబట్టి మాతో పని లేదన్నారు" అని నవ్వేవాడు. కాంట్రాక్టు అయిపోయింది. సిడ్నీలో వేరే ఉద్యోగం దొరికింది గానీ చేరడానికి కొంత వ్యవధి ఉంది. ఆ ఖాళీలో అతను చేసిన పని, ఒక పాత మోటర్‌హోమ్ కొనడం.

మోటర్‌హోమ్ అంటే చక్రాల మీద ఇల్లు. వ్యాను మీద డబ్బాలాంటి గది కట్టి, అందులో మంచాలు, పొయ్యి, సింకు, చిన్న ఫ్రిజ్ బిగిస్తారు. రఫీ కొన్నది పెట్రోలుది, గేర్లు చేత్తో మార్చేది, వయసు మీరినది. ఒకరోజు పొద్దున్నే దాన్ని షెడ్డు ముందు నిలబెట్టి దిగాడు.

"అంకుల్, ఇది పెట్రోల్ తాగేస్తోంది. లీటర్‌కి ఐదు కిలోమీటర్లు కూడా రావట్లేదు. ఇట్లైతే మా ట్రిప్ క్యాన్సిలే."

ముందు సీట్లోంచి ఒక పెద్దాయన నెమ్మదిగా దిగాడు. తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు, వాటి పైన కొడుకు కొనిచ్చిన బొద్దు చలికోటు. రఫీ వాళ్ళ నాన్న దస్తగిరి గారు. చేతులు చూడగానే స్టీరింగ్ పట్టిన మనిషని తెలిసిపోయింది నాకు.

"ఏం మేస్త్రీ, బాగుండావా? గేర్ బాక్సు మంచిగుందిలే. ఇంజనుకే దప్పిక ఎక్కువైంది" అన్నాడు.

ఇంత దూర దేశంలో నన్ను మేస్త్రీ అని పిలిచిన మొదటి మనిషి ఆయన. ఆ ఒక్క మాటకే నేను పడిపోయాను.

టీ తాగుతుంటే రఫీ సంగతంతా చెప్పాడు. దస్తగిరి గారు ముప్పై ఏళ్ళు లారీ తోలారు. ఊళ్ళు ఊళ్ళు తిరిగారు గానీ భార్యని, కొడుకుని ఎన్నడూ పక్కన ఎక్కించుకున్నది లేదు. ఓనరు ఒప్పుకునేవాడు కాదు. ఒక్కసారైనా ఆయన పక్కన కూర్చోవాలన్న కోరికతోనే భార్య పోయింది. ఇప్పుడు చూడ్డానికి వచ్చిన తండ్రిని, తన భార్యాబిడ్డల్ని ఎక్కించుకుని, తీరానికి దూరంగా ఉన్న లోపలి ఊళ్ళ మీదుగా తిరుగుతూ సిడ్నీ చేరాలని రఫీ పథకం. అక్కణ్ణించి తండ్రి విమానం ఎక్కుతాడు. వీసా గడువు ఆ నెలాఖరు వరకే ఉంది. మళ్ళీ వస్తాడన్న నమ్మకం ఆయన గుండె జబ్బు వల్ల ఎవరికీ లేదు. కానీ లోపలి రోడ్ల మీద బంకుకీ బంకుకీ మధ్య ఎంత దూరం ఉంటుందో చూస్తేగానీ నమ్మలేం. ఇంత తాగే బండితో, చిన్నపిల్లని పెట్టుకుని అటు పోవడం తెలివైన పని కాదు.

మైలేజీ తగ్గిన బండికి చెయ్యాల్సినవన్నీ చేశాను. ఎయిర్ ఫిల్టర్, అంటే ఇంజను ముక్కు, దుమ్ముతో మూసుకుపోయి ఉంది, మార్చాను. స్పార్క్ ప్లగ్గులు మార్చాను. పెట్రోల్నీ గాలినీ కలిపి ఇంజనుకి పంపే కార్బురేటర్ విప్పి కడిగాను. టైర్లలో గాలి తక్కువుంది, నింపాను. బండిని జాకీ మీద లేపి చక్రాలు తిప్పి చూస్తే బాగానే తిరిగాయి. ఊరవతల చదును రోడ్డు మీద తోలి చూస్తే లీటరుకి ఎనిమిదికి పైనే వచ్చింది. రఫీ నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. మైలేజీ మళ్ళీ ఐదుకి పడింది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదంటే చెప్పలేను, బండి మీదే అనుకోండి. పెట్రోలు ట్యాంకు కింద దూరి కారుతోందేమో చూశాను. పైన కట్టిన సామాన్ల చట్రం గాలికి అడ్డమని తీయించాను. రఫీ వాళ్ళావిడ సర్దిన బియ్యం మూటలు, తిరగలి, గ్రైండర్ దింపించాను. "తిరగలి ఎందుకమ్మా" అంటే, "మామకి బొరుగుల ఉగ్గాణిలోకి పప్పులపొడి అప్పటికప్పుడు విసరాలి అంకుల్" అంది. చదును రోడ్డు మీద మళ్ళీ బంగారంలా ఎనిమిది. వాళ్ళు శనివారం బ్రిస్బేన్ పోయి వచ్చారు. సోమవారం పొద్దున బండి నా షెడ్డు ముందుంది, ముందద్దం మీద 'అమ్మబడును' అన్న కాగితంతో.

"వదిలెయ్యండి అంకుల్. లక్ లేదు. నాయనకి ఫ్లైట్‌లో సిడ్నీ చూపిస్తా."

దస్తగిరి గారు కాగితం వంక చూసి, "మంచిదేలేప్పా, యాడైతేనేమి" అన్నాడు. అని, మొహం అటు తిప్పుకుని తువ్వాలుతో అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అది తుడవాల్సిన అద్దం కాదు, అప్పటికే శుభ్రంగా ఉంది. 

"రఫీ, కాగితం తర్వాత అంటిద్దువు గాని. శనివారం ఎలా తోలావో ఇప్పుడు అలాగే తోలు. నేను పక్కన కూర్చుంటా" అన్నాను.

ముందు మూడు సీట్లు. రఫీ స్టీరింగ్ దగ్గర, మధ్యలో పెద్దాయన, తలుపు పక్కన నేను. ఊరు దాటి రేంజ్ మొదలైంది. బరువు బళ్ళు చిన్న గేరులో దిగాలని రాసిన బోర్డు వెనక్కి పోయింది. పోగానే పెద్దాయన, అలవాటైన మంత్రంలా, "ఊఁ, ఇంక న్యూట్రల్ వెయ్" అన్నాడు. రఫీ వేసేశాడు.

న్యూట్రల్‌లో బండికీ ఇంజనుకీ సంబంధం తెగిపోతుంది. గేరులో ఉంటే ఇంజనే చక్రాల్ని వెనక్కి లాగి పట్టుకుంటుంది. న్యూట్రల్‌లో బరువంతా బ్రేకుల మీదే. ఇల్లంత బండి ఘాటు మీద జారుతోంది, రఫీ కాలు బ్రేకు మీంచి తియ్యడం లేదు. నా ప్రాణాలు అరచేతిలోకి వచ్చాయి.

"రఫీ, బోర్డు చూళ్ళేదా?"

"అది లారీలకి కదా అంకుల్!"

"ఒక్క చుక్క పెట్రోలు ఖర్చు లేకుండా దిగుతాంది సూడు మేస్త్రీ" అని పెద్దాయన సంబరపడ్డాడు.

కింద మలుపు దగ్గర రఫీ మొహం మారింది. పెడల్ లోతుకి పోతోంది. రెండుసార్లు తొక్కాడు, మూడోసారికి పట్టింది. "గేరు వెయ్, గేరు వెయ్" అని నేను అరిచాను. బండి కుదుపుతో చిన్న గేరులో పడి, కోపంగా గర్జించి, వేగం తగ్గింది. కొండ కింద ఖాళీ జాగాలో ఆపించాను. దిగగానే మాడు వాసన. ఆ రేంజ్ మీద లారీల బ్రేకుల వాసన ఎప్పుడూ ఉండేదే, అందుకే ఇన్నాళ్ళూ అది తమ బండిదని వాళ్ళకి తట్టలేదు.

దస్తగిరి గారు దిగి, చలికోటు చెయ్యి పైకి లాక్కుని, ముందు చక్రం వైపు వంగాడు. రఫీ గభాల్న, "నాయనా, వద్దు, అందరూ చూస్తుండారు" అన్నాడు. పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకుని, బళ్ళో ఎక్కబోయాడు.

"ఎందుకు వద్దంటున్నావు?" అని అడిగాను.

రఫీకి సిగ్గేసింది. బండి కొన్న మొదటి వారంలోనే ఒకచోట ఆగినప్పుడు తండ్రి బండి చుట్టూ తిరిగి చక్రాలన్నీ ముట్టుకుని చూస్తుంటే, పక్క బండి వాళ్ళు వచ్చి ఏమైనా పోయిందా, సాయం కావాలా అని అడిగారట. చుట్టూ అందరూ చూశారట. "ఇక్కడ ఎవ్వరూ అట్ల చెయ్యరు నాయనా అని చెప్పినా అంకుల్. అప్పట్నించి మానేసినాడు."

నాకు అంతా అర్థమైంది. "దస్తగిరి గారూ, మీరు చూడండి. నేనున్నాగా" అన్నాను.

ఆయన అరచెయ్యి కాదు, చేతి వెనకవైపు చక్రానికి దగ్గరగా పెట్టాడు. పాత డ్రైవర్ల పద్ధతి అది. తగలకముందే చెయ్యి వెనక్కి లాగేశాడు. అవతలి చక్రం దగ్గరికీ వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి మొహంలో రక్తం లేదు.

"మేస్త్రీ, ఇది కాలిపోతాంది. నల్లమలలో ఇంత వేడి కానిచ్చేవాన్ని కాదు నేను. న్యూట్రల్‌లోనే దింపుతాంటి, నిజమే. ఓనరు డీజిల్ లెక్క అడుగుతాడు గదా. కానీ మధ్యలో రెండు తావుల ఆపుతాంటి. టీ తాగుతాంటి. చక్రాల బ్రేకు డ్రమ్ములు ముట్టుకోని సూసి, సల్లారినాకే కదిలిస్తాంటి." ఆగి, కొడుకు వైపు చూశాడు. "బిడ్డ గూడా ఎక్కింది గదప్పా దీన్లో. నా మనవరాలు."

నేనూ రఫీ ఆయన్ని పట్టుకుని మెట్టు మీద కూర్చోబెట్టాము.

జరిగింది ఇదీ. లారీ అలవాటులో సగం టూవూంబాకి వచ్చింది, సగం సిగ్గుపడి నోరు మూసుకుంది. న్యూట్రల్ వెయ్యడం వచ్చింది, ఆగి చక్రం ముట్టుకోవడం ఆగిపోయింది. బ్రేకులు కాలీ కాలీ, కాలిపర్ అంటారే, చక్రంతో తిరిగే డిస్కుని రెండువైపులా పట్టి ఆపే పరికరం, దాని లోపలి రబ్బర్లు గట్టిపడిపోయాయి. వేడెక్కితే చాలు, బ్రేకు వదిలినా అది చక్రాన్ని వదలదు. బిగిసిన బ్రేకుతో బండి ఈడ్చుకుంటూ పోతుంటే పెట్రోలు తాగక ఏం చేస్తుంది? రాత్రంతా చల్లారి పొద్దున నా దగ్గరికి వచ్చేసరికి వదులై బుద్ధిమంతుడిలా ఉండేది. న్యూట్రల్‌లో మిగిలింది గుక్కెడు. పోయింది బిందెడు.

కాలిపర్లు విప్పి కొత్త రబ్బర్లు, కొత్త ప్యాడ్లు వేశాను. మరిగిపోయిన బ్రేకు ఆయిల్ మార్చాను. పని జరిగినంతసేపూ పెద్దాయన పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చివర్లో, "వాడి తప్పు లేదు మేస్త్రీ. సెప్పింది నేను" అన్నాడు. అటుపక్క రఫీ నాతో గుసగుసగా, "తప్పు నాదే అంకుల్, ఆయన్ని చూసుకోనిచ్చుంటే ఇంత కాకపోను" అన్నాడు. ఇద్దరూ నాకు చెప్పుకున్నారు గానీ ఒకరికొకరు చెప్పుకోలేదు. తండ్రీకొడుకులు కదా.

మర్నాడు మళ్ళీ ముగ్గురం రేంజ్ దిగాం. రఫీ మొదట్లోనే రెండో గేరు వేశాడు. ఇంజను గోల పెట్టింది. ముప్పై ఏళ్ళు డీజిల్ చుక్క చుక్క లెక్క చెప్పిన మనిషికి ఆ గోల ఎంత కష్టమో నాకు తెలుసు. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద బిగించుకుని కూర్చున్నాడు. పెదవులు కదిలాయి గానీ న్యూట్రల్ అన్న మాట రాలేదు. కింద ఆగాక రఫీ తనే దిగి, తండ్రి చూస్తుండగా, చేతి వెనకవైపు చక్రం దగ్గర పెట్టాడు. "గోరువెచ్చగుంది నాయనా."

"బాగా దించినావురా" అన్నాడు దస్తగిరి గారు.

తండ్రి తనని మెచ్చుకోవడం అదే మొదటిసారి అని రఫీ తర్వాత చెప్పాడు.

కాగితం పీకేసి, ఆ గురువారమే బయల్దేరారు. తిరగలి మళ్ళీ ఎక్కింది, నేనేమీ అనలేదు. లీటరుకి ఎనిమిది ఇస్తూ బండి సిడ్నీ చేరింది. దారిలో ఆగిన ప్రతిచోటా తాతా మనవరాలూ కలిసి చక్రాలు చూసేవాళ్ళని, ఎవరైనా ఏమైందని అడిగితే ఆ పిల్లే ఇంగ్లీషులో "తాత ఈజ్ చెకింగ్" అని జవాబు చెప్పేదని రఫీ ఫోన్లో నవ్వాడు.

ఇంకొన్నేళ్ళకి మళ్ళీ అతని ఫోన్ వచ్చింది. పెద్దాయన నంద్యాలలో పోయారు. "ఆసుపత్రిలో పక్క మంచాల వాళ్ళకి ఆస్ట్రేలియా కబుర్లు చెప్పేవాడంట అంకుల్. సముద్రం గురించి కాదు, కంగారూల గురించి కాదు. మావాడు అంత పెద్ద ఘాటు రెండో గేరులో దింపుతాంటే నేను పక్కన కూచున్నా అని."  నాకు ఏడుపొచ్చింది.

ఆ బండి తర్వాత నా పని పద్ధతి మారిపోయింది. మైలేజీ రావడం లేదని ఎవరొచ్చినా ముందు బానెట్ ఎత్తను. తాళాలు వాళ్ళకే ఇచ్చి, రోజూ ఎలా తోలతారో అలాగే తోలమని పక్కన కూర్చుంటాను. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళనీ ఎక్కించుకుని రమ్మంటాను.