గంధం పూసిన పిస్తోలు

యుద్ధం ముగిశాక సైన్యం అమ్మేసిన పాత పిస్తోలొకటి మా తోడల్లుడు చవగ్గా కొన్నాడు. ఆయుధపూజనాడు మా అత్తగారు దాన్ని పీట నడుమ పెట్టి, చిక్కపేటలోని నా బట్టలకొట్టు గజంబద్దను మూలకు జరిపింది.

ఆ కడుపుమంటతో మరుసటేడు, ఇంటికి కాపలాకని చెప్పి లైసెన్సు తెచ్చుకొని నేనూ ఒకటి కొన్నాను. ఈసారి పీట నడుమ రెండూ కూర్చున్నాయి.

పండగయ్యాక ఇద్దరం గురి సాధన చేసే మైదానానికి వెళ్లాం. నేను గుండ్లు ఎక్కించి చెయ్యెత్తబోతుంటే తోడల్లుడు మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగప్పా. గొట్టం మూతినిండా గంధం ఎండి ఉండాది. పేల్చింటే చెయ్యి పోయుండు. నాది నేను పూజ కాంగానే తుడిచినా."

మా అత్తగారు భక్తికొద్దీ గొట్టం లోపలికీ గంధం పెట్టింది.

ఆ చేత్తోనే ఇది రాస్తున్నాను. చెయ్యి దక్కింది కానీ, దక్కించింది అతనేనన్న మంట ఇంకా చల్లారలేదు.