దేవుని మడిలో నీళ్ళు

మా పాప వయసుకి తగ్గట్టు ఎదగడం లేదని, ఒంట్లో జింకు తక్కువగా ఉందని ఏలూరు డాక్టరుగారు చెప్పారు. మందు రాసిచ్చి, తిండి కూడా చూసుకోమన్నారు. గింజలో జింకు ఎక్కువుండే వరి రకం ఒకటుందని విని, ఆ దాళ్వాకి, అంటే రెండో పంటకి, మా రెండు మళ్ళలోనూ ఆ విత్తనమే వేశాం. రోజూ గట్టు మీద నిలబడి ప్రార్థన చేసుకునేదాన్ని.

ఆ రెండింటిలో ఒకటి దేవుని మడి. మామగారి కాలం నుంచీ దాని పంట కోత పండుగనాడు మా ప్రార్థన మందిరానికి పోతుంది. అందుకే మా ఆయన దాంట్లో ఒక్క పూటా నీరు తగ్గనివ్వలేదు. మిగిలితేనే మా మడికి. అది మధ్యమధ్యలో ఆరిపోయేది.

కోత అయ్యాక, జింకు ఎంతుందో పరీక్ష చేయించడానికి ఆయన దేవుని మడి గింజలే మూట గట్టారు.

"మంచివి చూపించాలి కదే," అన్నారు.

తాడేపల్లిగూడెం ల్యాబులో పరీక్ష చేసిన అమ్మాయి, మామూలు బియ్యానికీ వీటికీ పెద్ద తేడా లేదంది.

"విత్తనం మోసమండీ," అన్నారు మా ఆయన.

"ఉండండి. నీళ్ళు ఎలా పెట్టారండీ?" అని అడిగింది ఆ అమ్మాయి.

"నిండుగా పెట్టామండీ. దేవుడి మడి కదా."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంది. "విత్తనంలో గుణం ఉంటే సరిపోదండీ. అస్తమానం నీళ్ళు నిలిస్తే మట్టిలో జింకు వేరుకి అందదు. ఆరిన మడి ఏదైనా ఉందా?"

మర్నాడే మా మడి గింజలు పట్టుకుని మళ్ళీ బస్సెక్కాం. ఈసారి ఫలితం చూసి, "ఇదీ అదే విత్తనమా అండీ?" అని ఆ అమ్మాయి రెండుసార్లు అడిగింది. జింకు బాగా ఉందట. నాకు అక్కడే పాట ఎత్తుకోవాలనిపించింది. ఒకే విత్తనం, వేరువేరు నేలలు అని ప్రభువు చెప్పిన కథ సండే స్కూలు పిల్లలకి ఎన్నేళ్ళుగా చెబుతున్నానో. రాతినేల గురించి చెప్పాను, ముళ్ళ గురించి చెప్పాను. ప్రేమ కొద్దీ ముంచేసిన నేల ఒకటుంటుందని నాకే తట్టలేదు.

బస్సులో ఆయన మాత్రం దిగాలుగా కూర్చున్నారు.

"ఇప్పుడు మంచి గింజలు మనవయ్యాయి. మందిరానికి ఇవే ఇవ్వాలేమో."

"మరి పాపకి?"

దిగీ దిగగానే పాస్టరుగారింటికి నడిచాం. పాస్టరుగారు అంతా విని, "మొక్కుకున్న మడిదే ఇవ్వండయ్యా. పాప బియ్యం పాపకే ఉంచండి. వచ్చే దాళ్వాకి దేవుడి మడి కూడా కాస్త ఆరనివ్వండి, మందిరం బియ్యం తినే పిల్లలు మన సంఘంలో ఇంకా చాలామంది ఉన్నారు," అన్నారు.

మళ్ళీ దాళ్వా వచ్చింది. మా ఆయన పారతో దేవుని మడి గట్టుకి గండి కొడుతూ, "ప్రభువా, నీ మడి ఎండగడుతున్నాను, కోప్పడకు," అన్నారు. నీళ్ళు బోదె కాలువలోకి ఉరికాయి. పాప నా చంకలో ఉండి చప్పట్లు కొట్టింది. మునుపటి కంటే బరువుగా ఉంది.