బ్యాంకు సారు అడిగిన హద్దురాయి

మా ఊరు మేళ్లచెరువు దిక్కున, సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము ఇంటి కప్పుల మీద వాలేంత దగ్గర్లో ఉంటుంది. తెలంగాణ వచ్చాక జరిగిన పంచాయతీ ఎన్నికల్లో నేను వార్డు మెంబరుగా గెలిచాను. సర్పంచ్‌గా గెలిచినాయన మా ఊళ్లోనే పుట్టి, దేశానికంతటికీ నోట్లు అచ్చువేయించే పెద్ద బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరై వచ్చినవాడు. అందరూ బ్యాంకు సారు అనేవాళ్లు.

గొర్రెలు కాసే మా బాపుకు ఆయన మీద మొదటి నుంచీ అనుమానమే.

"బొంబాయిల ఏసీల కూసున్నోడు గీ మోరీలు సాఫ్ చేయించనీకి వస్తడా బిడ్డా? ఏదో మతలబున్నది."

నేనూ అలాగే అనుకున్నాను. మొదటి మీటింగులోనే ఆయన, తీర్మానం చదవకుండా ఎవరూ సంతకం పెట్టొద్దన్నాడు. ఇంత జాగ్రత్తపడే మనిషి ఏం దాస్తున్నాడోనని ఆ కాగితం మూడుసార్లు చదివాను. ఏమీ దొరకలేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది.

రెండో ఏడు ఎండాకాలంలో ఆయన మా ఇంటికి వచ్చాడు. బాపు పరిచిన గొంగడి మీద కూర్చున్నాడు.

"గుట్ట కింద మంద మేసే సర్కారు జాగకు హద్దురాయి ఎక్కడున్నదో నీకు ఎరుకేనట గదా, పెద్దాయనా. రేపు సర్వేయర్ వస్తుండు. జర చూపిస్తవా?"

"చూస్త సార్" అన్నాడు బాపు, ఆయన ముఖం చూడకుండా. సారు వాకిలి దాటగానే నా వైపు తిరిగాడు. "ఇగ సమజైంది. గా జాగల సున్నపురాయున్నది. సిమెంటు కంపెనీకి అప్పజెప్పనీకే సర్పంచ్ అయిండు."

పొద్దుగూకకముందే ఇద్దరం వెళ్లి తుమ్మకంప నరికి ఆ రాయి మీద కప్పేశాం. మర్నాడు సర్వేయర్ గుట్ట చుట్టూ తిరిగి, రాయి దొరకలేదని రాసుకున్నాడు. "ముసలోన్ని సార్, యాదికొస్తలేదు" అన్నాడు బాపు. సారు నా వైపు చూశాడు. ముళ్లు గీరుకున్న చేతులు కొంగు కింద దాచుకున్నాను.

నెల తిరక్కుండానే అక్కడ యంత్రాలు దిగాయి. తన పట్టా భూమి అంతవరకూ ఉందని ఒక రాళ్ల కంట్రాక్టరు కాగితాలు చూపించాడు. అతని మీద సారు ఏడాదిగా తహసీల్దారుకు దరఖాస్తులు పెడుతున్నాడని పంచాయతీ కార్యదర్శి అప్పుడు చెప్పాడు. యంత్రం ముందు సారు ఒక్కడే నిలబడి, "ఇది మేత భూమి" అని గొంతు పోయేలా అరుస్తున్నాడు.

బాపు వెళ్లి కంపను వట్టి చేతులతో లాగేశాడు. "గిదే సార్ రాయి."

మళ్లీ సర్వే అయ్యేసరికి కొంత జాగా గుంతైపోయింది. మిగిలింది మందకు దక్కింది.

నేను పంచాయతీ ఆఫీసుకు వెళ్లి, కంప వేసింది మేమేనని చెప్పాను.

"ఎరుకనే అమ్మా" అన్నాడు సారు. "ఎందుకో చెప్పకుంటనే రాయి అడిగిన గదా. ముచ్చట కంట్రాక్టర్‌కు చేరుతదేమోనని నేను గూడ మిమ్ముల నమ్మలే."

ఇంటికొచ్చి చెబితే బాపు తల అడ్డంగా ఊపాడు. "మళ్ల ఎలచ్చన్ల నిలబడనీకే గీ మాటలన్నీ."

ఆయన మళ్లీ నిలబడలేదు. పదవి అయిపోయాక హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఆ పొద్దున సామాన్ల వ్యాను మా ఇంటి ముందు నుంచే వెళ్లింది. బాపు మునివేళ్ల మీద లేచి వ్యాను లోపలికి తొంగిచూశాడు. నేనూ చూశాను. రెండు మంచాలు, పుస్తకాల అట్టపెట్టెలు. అంతే.