స్టేడియం శిల మీద మా తాతయ్య

యానాంలో జెండా పండుగ ఏడాదికి రెండుసార్లు. దేశంతోపాటు ఒకటి, ఫ్రెంచివాళ్ల చేతిలోంచి బయటపడ్డ రోజున ఇంకొకటి. రెండోది మా స్టేడియంలో చేస్తారు. దాని గేటు పక్కనే విమోచన పోరాటంలో ప్రాణాలిచ్చినవాళ్ల స్మారకశిల ఉంది. అందులో మా తాతయ్య పేరుంది. ఆ శిల ఆవిష్కరణకు తాతయ్య స్వయంగా వెళ్లి, ముందు వరుసలో కూర్చుని, పెట్టిన బిస్కెట్లు కూడా తిన్నాడు.

ఫరంపేటలో తాతయ్యకు ప్రాణస్నేహితుడు ఉండేవాడు. ఇద్దరూ కలిసి ఊరేగింపుల్లో తిరిగారు. ఆ గొడవల్లో తగిలిన దెబ్బలకు అతను పోయాడు. అప్పటికి పెళ్లి కూడా కాలేదు. శిల కోసం పేర్లు సేకరిస్తూ మా ఇంటికొచ్చిన గుమాస్తాకు తాతయ్య ఆ సంగతంతా ఏడుస్తూ చెప్పాడు. గుమాస్తా కూడా కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుని, చెప్పినాయన పేరు రాసుకుపోయాడు.

ఆవిష్కరణ రోజు శిల మీది తెర తీయగానే తాతయ్య లేచాడు.

"నేను బతికే ఉన్నానయ్యా! నా పేరు తీసేసి మావోడి పేరెట్టండి."

"ఆయ్, అలాగేనండి తాతగారూ. కానీ రాయి మీద చెక్కేశాక మార్చాలంటే పాండిచ్చేరి నుంచి ఆర్డరు రావాలండి" అన్నాడు స్టేడియం అధికారి.

పాండిచ్చేరి నుంచి ఆర్డర్లు నడిచి వస్తాయని మా ఊరివాళ్ల అనుమానం. అది వచ్చేలోగా ఏటా తాతయ్యను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పేవారు. ఆ వెంటనే అమరుల కోసం మౌనం. తన ఆత్మశాంతికి తానే లేచి నిలబడ్డ మనిషిని నేనింకెక్కడా చూడలేదు. కబడ్డీ కుర్రాళ్లయితే ఆయన కాళ్లకు దండం పెట్టి మరీ కోర్టులోకి దిగేవాళ్లు. నాకు నవ్వాగేది కాదు.

ఒకసారి ఇంటికొచ్చి శాలువా మంచం మీద పడేసి, "ఆడికి నేను తప్ప ఎవరున్నారే? నేనూ పోతే ఆడు పుట్టినట్టు కూడా ఎవడికీ తెలవదు" అన్నాడు. నాకు సిగ్గేసింది. అప్పటినుంచి ఆయన్ను నా స్కూటీ మీద స్టేడియం ఆఫీసుకు తిప్పాను. వెళ్లిన ప్రతిసారీ మర్యాదకు లోటు లేదు, పని మాత్రం కాలేదు.

నిరుడు తాతయ్య పోయాడు. పెద్దకర్మ అయ్యాక ఒక్కదాన్నే వెళ్లాను. అధికారి కుర్చీ చూపించి, టీ తెప్పించి, ఫైలు తీశాడు. ఆయన ముఖంలో నిజమైన సంతోషం కనిపించింది.

"ఇంక మార్చక్కర్లేదమ్మా. ఇప్పుడు రాయి మీద తప్పేం లేదు కదండీ!"